ఎండకు నిలిచిన పట్టుపురుగు

పట్టువస్త్రము లేని శుభకార్యము మన ఇండ్లలో లేదు. ధర్మవరము చీరయైనను పోచంపల్లి చీరయైనను చేతికి వచ్చినప్పుడు నేసినవారి నేర్పును మెచ్చుకొందుము. దారము తీసినవారిని ఎప్పుడో ఒకప్పుడు తలంతుము. ఆ దారమునకు మూలమైన పురుగును ఇంటిలో పసిబిడ్డవలె సాకిన రైతును తలంచువారు అరుదు. ఆ పురుగు ఏ జాతిది, మన ఎండలలో అది ఎట్లు బ్రతికినది అని విచారించువారు మరింత అరుదు. అయినను, మల్బరీతోటలు గల మనవంటి గ్రామములలో ఒక సంసారము అప్పు తీర్చుకొనుటయో అప్పులో మునుగుటయో ఈ ప్రశ్నపైననే ఆధారపడియున్నది. అందుచేత ఆ చరిత్రను తెలిసినంతవరకు ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా పురుగు స్వభావము. మనము ఎండలోనున్నను చలిలోనున్నను మన దేహపు వేడి ఇంచుమించు ఒక్కరీతిగనే యుండును. పట్టుపురుగునకు ఆ భాగ్యము లేదు. గదిలోని వేడి ఎంతయో దాని ఒంటి వేడియు అంతయే. చాకీ దశలో, అనగా రెండవ జ్వరము దాటువరకు, 26 మొదలు 28 డిగ్రీల వేడియు, నూటికి 85 పాళ్లకు తగ్గని తేమయు దానికి హితము. పెరిగిన కొలది చల్లదనము కోరును. ఐదవ దశకు వచ్చునప్పటికి 24, 25 డిగ్రీలును, 65 మొదలు 70 పాళ్ల తేమయు చాలును. పురుగు తన జీవితమున తిను ఆకులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా ఈ చివరి వారము దినములలోనే తినును. రైతు ధనము, కూలి, ఆకు అన్నియు తట్టలలోనికి చేరియుండు సమయమది. సరిగా అప్పుడే పైన ఎండ 38, 40 డిగ్రీలకు పోయెనా, పురుగు తల పైకెత్తి నిలిచిపోవును, ఆకు ముట్టదు. ఎండతోపాటు ఉక్క కూడ చేరెనా, ఒంటిలోని నీటిని ఆవిరిగా విడిచి చల్లబడు దారియు మూసికొనిపోవును. పడకలోని రెట్టలు, మిగులు ఆకు ముక్కిపోవును. పాలరోగము తట్ట తట్టకు ప్రాకును. పొడి ఎండలో ఆకు వాడి చెడును, ఉక్క ఎండలో పురుగే చెడును. ఈ రెండింటిలో రెండవదానికి విరుగుడు కనుగొనుట కష్టము.

ఈ పురుగు పుట్టినిల్లు చీనాదేశము. సుమారు 5,000 ఏండ్ల క్రిందట అచటి జనులు మల్బరీచెట్లపై బ్రతుకు ఒక అడవిపురుగును ఇంటికి తెచ్చి సాకిరి. లీజూ అను రాణి వేడినీటిలో పడిన గూటినుండి దారము లాగెనని వారి కథ. క్రీ. శ. 552 ప్రాంతమున ఇద్దరు సన్న్యాసులు గ్రుడ్లను రహస్యముగా కాన్‌స్టాంటినోపిలు నగరమునకు చేర్చిరని పడమటివారి కథ. ఈ కథలు అందరు ఎరిగినవే. మనకు ఇచట కావలసినది వేరొక సంగతి: పోయిన పోయిన దేశమునందెల్ల ఆ దేశపు గాలికి తగినట్లు ఈ పురుగు మారుచు వచ్చినది. మంచు పడు దేశములలో ఏటికి ఒక్క పంటయే ఇచ్చి, గ్రుడ్డు రూపమున చలికాలమంతయు నిద్రించు జాతులు ఏర్పడినవి. చీనా, జపానులలో ఏటికి రెండు పంటలిచ్చు జాతులును ఏర్పడినవి. వీనినే మన రైతులు బైవోల్టిను అందురు. వంగదేశము, సయాము, మైసూరు వంటి వెచ్చని ప్రదేశములలో గ్రుడ్డు నిద్రించుట యను మాటయే లేదు. పెట్టిన పది దినములకు పురుగు వెడలును. ఏటికి ఐదారు పంటలు తీయవచ్చును.

ఈ రెండవ విధమైన పురుగుల విషయమున ఒక వింత కలదు. వాని గ్రుడ్లు నిద్రించునో లేదో నిర్ణయించునది ఆ గ్రుడ్లు చూచిన వాతావరణము కాదు. వాని తల్లి తాను గ్రుడ్డులో నున్నప్పుడు చూచిన వాతావరణము. తల్లిని 25 డిగ్రీల వేడిలో, వెలుతురులో పొదిగినచో అది పెట్టు గ్రుడ్లు నిద్రించును. 15 డిగ్రీల చలిలో, చీకటిలో పొదిగినచో అవి నిద్రింపక వెంటనే పగులును. తల్లి గర్భవాసపు అనుభవము మనుమల నుదుట వ్రాయబడుట మన పెద్దలు విన్నచో ఆశ్చర్యపడియుండరు.

చలిదేశపు జాతులకును వేడిదేశపు జాతులకును భేదము గూటిలో స్పష్టముగా కనబడును. మైసూరు నాటుజాతి గూడు పసుపుపచ్చను, ఆకుపచ్చను కలిపినట్టి రంగుతో గ్రాము బరువునకు అటునిటుగా తూగును. దానినుండి 350, 400 మీటర్ల దారము వచ్చును. బైవోల్టిను గూడు తెల్లగా, దానికి ఇంచుమించు రెట్టింపు తూగును. దారము వేయి మీటర్లకు మించును. నాటు గూటి బరువులో పట్టు నూటికి పండ్రెండు పదునాలుగు పాళ్లయినచో, తెల్ల గూటిలో ఇరువదికి పైబడి యుండును. ఇంత ఉండగా నాటుజాతిని ఎవరు పట్టుకొని వ్రేలాడుదురని అడుగవచ్చును. జవాబు ఒక్కటే: నాటుపురుగు చావదు. ఎండ కాచినను, వాన ముసురు పట్టినను, ఆకు ఒకపూట తప్పినను ఏదో విధముగా గూడు కట్టును. తెల్లగూటి పురుగు తాను తిన్న తిండిలో అధికభాగము పట్టునకే వినియోగించును. కష్టకాలమునకు దాచుకొనునది తక్కువ. పట్టు పెరిగినకొలది ఓర్పు తగ్గుట, ఓర్పు పెరిగినకొలది పట్టు తగ్గుట, ఇదియే ఈ చరిత్రయంతటికిని ముడి.

ఈ ముడిని మొదట ఎరిగినవారు శాస్త్రజ్ఞులు కారు, వంగదేశపు రైతులు. మాల్దా, ముర్షిదాబాదు ప్రాంతములలో పట్టుపంటలను వారు ‘బంద్’ అందురు. మాసముల పేర్లతోనే వానిని పిలుతురు. అగ్రహాయణి, ఫాల్గుణి, వైశాఖి మంచి పంటలు. శ్రావణి, భాదురి, ఆశ్విన పంటలు ఉక్కలో వచ్చునవి కనుక చెడ్డవి. కాలమునుబట్టి పురుగును మార్చుట వారి ఆచారము. చలికాలమున ‘ఛోటోపొలు’ అను దేశి జాతిని, ఎండలలోను వానలలోను ‘నిస్తారి’ అను జాతిని పెంచువారు. ఏటికి ఒక్కసారి మాత్రము వచ్చు ‘బొరోపొలు’ అను పెద్దజాతి మరియొకటి యుండెను. నిస్తారికి ‘మద్రాసీ’ అను మారుపేరు కూడ పందొమ్మిదవ శతాబ్దపు గ్రంథములలో కనబడును. మన దక్షిణాదితో దానికేదో చుట్టరికము ఉన్నదని సంతోషింప బుద్ధిపుట్టును గాని, పేరును పట్టుకొని వంశవృక్షము వ్రాయుట క్షేమము కాదు కనుక అంతటితో విడుచుచున్నాను.

తూర్పు ఇండియా కంపెనీవారు 1770 ప్రాంతమున ఇటలీనుండి దారము తీయు నిపుణులను వంగదేశమునకు రప్పించిరి. కొలిమి మారినది, రాట్నము మారినది, దారము నాణెము కొంత మెరుగైనది. చీనా జాతి గ్రుడ్లను కూడ తెప్పించి చూచిరి. కాని వానకాలపు ఉక్కకు తట్టుకొను మేలుజాతి ఏర్పడలేదు; రైతు నిస్తారినే నమ్ముకొని యుండెను. కంపెనీ దొరల దృష్టి దారముపై నుండెనే గాని దారము నిచ్చు ప్రాణిపై నుండలేదని నాకు తోచును.

మన పొరుగున మైసూరునకు పట్టుపురుగు తెచ్చిన కీర్తి టిప్పుసుల్తానునకు చెందినది. 1782 మొదలు 1799 వరకు ఏలిన ఆయన వంగదేశమునకు మనుష్యులను పంపి పురుగులను తెప్పించి, తన రాజ్యమున పెంపక కేంద్రములను ఏర్పరచెను. ఆయన జాబులలో ఈ ప్రస్తావన కలదు. యుద్ధముల నడుమ, శత్రువు కోట గుమ్మము కడ నుండగా, పురుగుల మేతను గూర్చి జాబులు వ్రాయించిన రాజు చరిత్రలో మరియొకడు ఉండునో లేదో. ఆయన పోయిన తరువాతను పురుగు మిగిలినది. కుణిగలు, మాగడి, చన్నపట్టణము, కనకపురము, కొళ్లేగాలము సీమలలోని రైతుల ఇండ్లలో తరతరములుగా పెరిగి, ఎవరు పనిగట్టుకొని ఎంపిక చేయకయే, బ్రతికినది మిగులుట చచ్చినది పోవుట యను ఒక్క నియమముచేతనే అది ఆ గాలికి తగిన జాతిగా స్థిరపడినది. దానినే నేడు ‘ప్యూర్ మైసూరు’ అని పిలుచుచున్నారు.

1860లలో మైసూరు పురుగులకు రోగములు తగిలి పంటలు క్షీణింపగా జపానునుండి గ్రుడ్లు తెప్పించి చూచిరి. మొదట ఆశ కలిగించినను అవి నిలువలేదు. ఆ దశాబ్దమునందే యూరపులోను ఇదే అరిష్టము. ఫ్రాన్సులో 1853లో 2 కోట్ల 60 లక్షల కిలోల గూళ్లు పండగా 1865లో 40 లక్షల కిలోలకు దిగిపోయినది. లూయీ పాస్టరు పండితుడు ఆ సంవత్సరము ఆలేసు పట్టణమునకు పోయి, ఐదేండ్లు శ్రమించి, తల్లి సీతాకోకను నూరి సూక్ష్మదర్శినిలో చూచి, రోగబీజము లేని తల్లి గ్రుడ్లను మాత్రమే ఉంచుకొను పద్ధతిని కనుగొనెను. 1870లో ఆయన గ్రంథము వెలువడెను. వంగదేశమునకు ఈ పద్ధతిని 1880ల చివర తెచ్చినవాడు నిత్యగోపాల ముఖర్జీ. ఇది ఎండకు మందు కాకపోయినను మన కథలో దీనికి చోటున్నది. ఒక్కొక్క తల్లి గ్రుడ్లను వేరువేరుగా ఉంచి, ఆ తల్లి సంతానపు మంచిచెడ్డలను విడిగా లెక్కించు అలవాటు దీనితోనే స్థిరపడినది. ఆ అలవాటు లేనిచో తరువాత వచ్చిన ఎంపికలేవియు సాగియుండవు.

ఇక జపానుదేశపు తోయామా కమెతారో. ఈయన పేరు మన పాఠ్యపుస్తకములలో లేకపోవుట లోటని నా అభిప్రాయము. 1867లో జన్మించిన ఈ పండితుడు 1902లో సయాము ప్రభుత్వము పిలువగా ఆ ఉష్ణదేశమునకు పోయి అచటి పట్టుశాఖకు పెద్దగా మూడేండ్లు పనిచేసెను. సయాములోని పచ్చగూటి నాటుజాతిని జపాను తెల్లగూటి జాతితో కలిపి చూచెను. మొదటి తరమున అన్నియు పచ్చగూళ్లే. రెండవ తరమున మూడు పచ్చవి, ఒకటి తెల్లది. మెండెలు సన్న్యాసి బఠానీమొక్కలలో కనిపెట్టిన నియమమే ఇది. జంతువులలో దానిని మొదట చూపినవారిలో తోయామా ఒకడు. 1906లో ఆయన దీనిని ప్రకటించెను. ఆ పరిశీలనలోనే రైతునకు పనికివచ్చు మరియొక సంగతి బయటపడినది. వేరు వేరు జాతుల కలయికతో పుట్టిన మొదటి తరపు పురుగులు తల్లికంటెను తండ్రికంటెను దృఢముగా పెరుగును, ఒక్కసారిగా పండును, గూళ్లు ఒకే రీతిగా కట్టును. రైతులకు శుద్ధజాతి గ్రుడ్లకు మారుగా ఈ సంకర గ్రుడ్లను ఈయవలెనని తోయామా ప్రభుత్వమునకు చెప్పెను. 1914లో ఆ పంపిణీ మొదలైనది; ఇరువది ఏండ్లు గడవకముందే జపానులో శుద్ధజాతిని పెంచు రైతు కానరాకపోయెను. ఈ విత్తనపు ఆలోచన మొలకెత్తినది మనవంటి వేడిదేశపు తట్టలలో నన్నది మనము మరువరాదు.

ఆ గాలి మైసూరునకు సోకుటకు ఆలస్యము కాలేదు. అంతకు ముందే జంషెట్జీ టాటా బెంగుళూరులో జపాను నిపుణులను ఉంచి పట్టుక్షేత్రమును నెలకొల్పియుండెను. 1910లో అది సాల్వేషన్ ఆర్మీవారి చేతికి పోయెను. 1910ల నడుమ మైసూరు ప్రభుత్వమే పట్టుశాఖను ఏర్పరచి, మొదట ఇటలీ నిపుణుని, పిమ్మట జపాను నిపుణుని రప్పించినది. 1920ల నుండి మైసూరు తల్లిని, విదేశపు తండ్రిని కలిపిన ‘క్రాస్ బ్రీడ్’ గ్రుడ్లు రైతులకు చేరసాగినవి. మన పలమనేరు, మదనపల్లె, హిందూపురము ప్రాంతముల రైతులు తరువాతి కాలమున ఎరిగినదియు ఈ సి. బి. పురుగునే.

తల్లియే ఎందుకు నాటుది కావలెను? తండ్రి నాటుదై తల్లి విదేశపుదైన నేమి? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వేధించినది. దీనికి రెండు జవాబులున్నవి. గ్రుడ్డు స్వభావము తల్లి స్వభావమునే అనుసరించును. తల్లి మైసూరుదైనచో గ్రుడ్లు నిద్రింపక పది దినములలో పగులును. తల్లి విదేశపుదైనచో గ్రుడ్లు నిద్రపోవును. వానిని మేల్కొలుపుటకు ఉప్పు ఆమ్లములో ముంచి కడుగవలెను, చలిపెట్టెలో నుంచవలెను. కరెంటు లేని ఆ దినములలో అది పల్లెకు అందు పని కాదు. రెండవది, నాటుతల్లిని ఎచటనైనను పెంచవచ్చును. విత్తనమునకు వేలకొలది తల్లులు కావలెను గాని మగ సీతాకోకలను చల్లబరచి దాచి రెండుసార్లు వాడుకొనవచ్చును గనుక తండ్రులు తక్కువైనను చాలును. ఈ ఏర్పాటులో ఓర్పు తల్లినుండి, పట్టు తండ్రినుండి వచ్చుచున్నదని మా పెద్దలు చెప్పుకొనెడివారు. శాస్త్రము దీనికి వేయి మినహాయింపులు చెప్పునేమో గాని, తట్ట ముందు నిలుచున్న రైతునకు ఆ మాట చాలును.

స్వరాజ్యానంతరము 1949లో కేంద్ర పట్టుబోర్డు ఏర్పడినది. వంగదేశమున బరంపురపు పరిశోధనాలయము 1943 నుండియే పనిచేయుచుండెను. మైసూరుది 1961లో వెలసినది. 1970లలో మైసూరు పరిశోధకులు మన నేలమీదనే ఎన్.బి.4డి2, ఎన్.బి.18, కె.ఎ. వంటి బైవోల్టిను జాతులను రూపొందించిరి. ఎన్.బి.4డి2 మగవానిని మైసూరు తల్లితో కలిపిన సంకరము ఊరూర వ్యాపించినది. రెండు బైవోల్టినులనే కలిపి తెల్లగూళ్ల పంట తీయుట అప్పుడే మొదలైనది. ధర ఎక్కువ, దారము పొడుగు. అధికారులు పొగడిరి, దళారులు పొగడిరి. పురుగునకు మాత్రము వేసవి తెలిసినది కాదు.

ఇచట నా కండ్లతో చూచినది ఒకటి చెప్పవలెను. 1980ల చివర, నేను కళాశాలలో చదువుకొనుచున్న దినములలో, మా మేనత్త ఇంటిలో చైత్రమాసపు పంటకు బైవోల్టిను గ్రుడ్లు పెట్టిరి. పచ్చగూళ్లు చాలునని ఆమె అనెను. తెల్లగూళ్లైనచో కూతురి పెండ్లి ఖర్చునకు అక్కరకు వచ్చునని గ్రుడ్లు అమ్మినవారు నమ్మబలికిరి. నాలుగవ జ్వరము లేచువరకు పురుగులు కనులపండువుగా నుండెను. ఐదవ దశ నాలుగవ దినమున ఎండ విషమించినది. మరునాటి సాయంకాలము ఒక చిన్నవాన పడి, రాత్రియంతయు గాలి కదలలేదు. తెల్లవారుజామున అత్త నన్ను లేపి, “నాయనా, ఒకసారి వచ్చి చూడు, పురుగులు తలలెత్తి చూస్తాండాయి, ఆకు ముట్టడంల్యా” అనెను. గోనెపట్టలు తడిపి కట్టితిమి. కిటికీలు తీసితిమి, మూసితిమి. తడిగోనెలు ఉక్కను మరింత పెంచునని అప్పుడు మాకు తెలియదు. మూడవ దినమునకు తట్టలనుండి వచ్చిన వాసన ఇప్పటికిని నా ముక్కుపుటములలో నున్నది. చంద్రికలెక్కిన పురుగులు వ్రేళ్ల మీద లెక్కింపదగినన్ని. గోడకు ఆవలి ఇంటివారు అదే వారము పెట్టిన సి. బి. పురుగులు బక్కచిక్కియైనను గూళ్లు కట్టినవి. అత్త ఎవరిని నిందింపలేదు. తట్టలు కడిగి ఎండబెట్టి, “పురుగుకు మన ఎండ తెలీదు, మనకు దాని ప్రాణం తెలీదు” అని ఊరకుండెను.

ఆమె చెప్పిన రెండు మాటలలో మొదటిదానికి జవాబు వెదకు పని తరువాతి పదునైదు ఏండ్లలో జరిగినది. 1991లో జపాను ప్రభుత్వపు సహకార సంస్థతో కూడి మైసూరు పరిశోధనాలయము బైవోల్టిను అభివృద్ధికి ఒక పెద్ద ప్రయత్నమును ఆరంభించినది. అది 2007 వరకు మూడు దశలుగా సాగినది. సి.ఎస్.ఆర్. అను పేరుతో జాతులు వరుసగా వెలువడినవి. సి.ఎస్.ఆర్.2, సి.ఎస్.ఆర్.4 జాతుల సంకరము పట్టులో పాతవానినన్నిటిని మించినది. కాని అదియు చల్లని మాసములదే. వేసవికి వేరొకటి కావలెనని గుర్తించి, దానికొరకు వారు అవలంబించిన పద్ధతి తెలిసికొనదగినది.

ఓర్పును కొలుచుట ఎట్లు? గూటిని తూచవచ్చును, దారమును కొలువవచ్చును. ఓర్పునకు త్రాసు లేదు. దానిని కష్టపెట్టి చూచినగాని తెలియదు. జపాను పరిశోధకులు 1980లలోనే ఎండనోర్చుట వంశానుగతమైన గుణమేనని, ఐదవ దశలో వేడికి గురిచేసి బ్రతికినవానిని లెక్కించిన అది బయటపడునని చూపియుండిరి. మైసూరులో దానినే మన ఉక్కకు సరిపడునట్లు మలచుకొనిరి. అప్పటికే వేసవికని జపానులో తయారైన ఒక సంకరమును మూలముగా తీసికొని, దాని సంతానమును ఐదవ దశలో 36 డిగ్రీల వేడియు నూటికి 85 పాళ్ల తేమయు గల గదిలో దినమునకు కొన్ని గంటలు ఉంచిరి. చిన్న పురుగులకు ఈ శిక్ష వేయుటలో అర్థము లేదు. అవి వేడిని సహజముగనే ఓర్చును. పెద్దవై, తిండి ఎక్కువై, ఒంటిలోపలను వేడి పుట్టుచుండగా పైనుండియు వేడి మూసినప్పుడే బలాబలములు తేలును. ఎన్ని పురుగులు గూడు కట్టెనని కాక, గూటిలో ఎన్ని ప్యూపాలుగా మారి ప్రాణముతో నిలిచెనని లెక్కింతురు. గూడు కట్టి లోపల చచ్చినది లెక్కకు రాదు. బ్రతికినవానినే తల్లిదండ్రులుగా తీసికొని మరల అదే శిక్ష. ఇట్లు తరము తరువాత తరము.

వినుటకు సులువుగానే యున్నది. కాని ఇందులో రెండు ఉచ్చులున్నవి. ఒకటి, ఎండకు బ్రతికిన పురుగులన్నియు మంచి గూళ్లు కట్టవు. ఓర్పును మాత్రమే చూచి ఎన్నుకొనుచు పోయినచో తుదకు చేతికి మిగులునది మరియొక నాటుపురుగు. అందుచేత బ్రతికినవానిలోనే గూడు తూచి, బరువైనవానిని ఏరవలెను. అట్లేరినప్పుడు చేతికి వచ్చునవి బహుకొద్ది. రెండవది మరింత మోసము చేయునది. గూడు కట్టు సమయమునను, ప్యూపా లేతగా నున్నప్పుడును వేడి తగిలిన మగవి బ్రతికియుండియు గొడ్డుపోవును. చూచుటకు సీతాకోక చక్కగనే యుండును, జతకట్టును. గ్రుడ్లు పొదుగుకు రావు. కనుక శిక్ష ఎప్పుడు మొదలుపెట్టవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, పండిన పురుగును ఎప్పుడు చల్లని గదికి చేర్చవలెనో తెలియుటయు అంతే ముఖ్యము. వేసవిలో విత్తనపు గూళ్ల పంట కాసి గ్రుడ్లు పగులక నష్టపోయిన రైతులకు ఈ కారణము ఎవరైనను ముందుగా చెప్పియుండిన బాగుండెడిది.

పెక్కు తరముల ఈ ఏరివేతకు ఫలముగా, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో సి.ఎస్.ఆర్.18, సి.ఎస్.ఆర్.19 అను జాతుల సంకరము వెలువడినది. పట్టులో అది సి.ఎస్.ఆర్.2, 4 సంకరమునకు కొంచెము తీసికట్టే. ఎండలో మాత్రము దానికంటె ఎక్కువ పురుగులు గూడు కట్టును. ఈ ‘కొంచెము తీసికట్టు’ను పరిశోధకులు ఒప్పుకొని ప్రకటించుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి, అన్ని గుణములును గల పురుగును తెచ్చితిమని చెప్పి యుండినచో మా అత్తవంటివారు మరల మోసపోయి యుందురు. దీని వెనుక సి.ఎస్.ఆర్.46, 47 వంటి మరికొన్ని ఓర్పుగల జాతులు వచ్చినవి. నలుగురు తాతముత్తవల గుణములు ఒక్క పురుగులో కలియునట్లు రెండు సంకరములనే మరల కలిపిన జోడు సంకరములును వచ్చినవి. పెంపకమున సులువు కనుక నేడు బైవోల్టిను రైతులలో వీనికే ఆదరము. నాటు మైసూరు తల్లిని సి.ఎస్.ఆర్.2 తండ్రితో కలిపిన గ్రుడ్లును ఇప్పటికిని విరివిగా అమ్ముడుపోవుచున్నవి.

వంగదేశపు ఉక్క మైసూరు ఉక్కకంటె కఠినము. బరంపురమువారు తమ గాలికి తగినట్లు ఎస్.కె.6, ఎస్.కె.7 సంకరమును, బి.కాన్.1, బి.కాన్.4 సంకరమును సిద్ధపరచిరి. నిస్తారితల్లిని ఎస్.కె. సంకరముతో కలిపి పెంచుట నేటికిని అచట వాడుకలోనున్నది. రెండు వందల ఏండ్ల నాటి రైతు వానకాలమునకు ఏ పేరును నమ్మెనో ఆ పేరే నేటి గ్రుడ్ల కాగితముపైనను ఉన్నది!

మన రాష్ట్రమున హిందూపురము దాపున కిరికెరలో నున్న పట్టు పరిశోధనాసంస్థ రాయలసీమ ఎండలకొరకే జాతులను తయారుచేయ పూనినది. ఎ.పి.ఎమ్.1 తల్లిని ఎ.పి.ఎస్.8 తండ్రిని కలిపిన ‘స్వర్ణాంధ్ర’ వారిదే. కోస్తాలో పిఠాపురము దాపుననున్న చేబ్రోలువంటి చోట్ల సముద్రపు తేమలో తెల్లగూళ్లు తీయుచున్నారన్న మాట ముప్పది ఏండ్ల క్రిందట చెప్పినచో మా ప్రాంతమున నవ్వెడివారు. అయితే పురుగు ఒక్కటే ఇంత మార్పునకు కారణమని చెప్పరాదు. ఎత్తైన పైకప్పు, ఇంటికి వేరుగా పెంపకపు షెడ్డు, రెండవ జ్వరము వరకు చాకీ కేంద్రములలో పెంచి ఇచ్చుట, కొమ్మలతోనే మేత వేయుట, 1990ల చివర వచ్చిన వి.1 మల్బరీ, ఇవన్నియు కలిసి పనిచేసినవి.

ఎండకు ఓర్చు పురుగు ఒంటిలో ఏమి జరుగునో కొంతవరకు ఇప్పుడు తెలియవచ్చినది. 1962లో రిట్టోసా అను ఇటలీ శాస్త్రజ్ఞుడు పండ్లీగలను ఉంచిన పెట్టెలో వేడి పెరుగగా వాని కణములలో వింతమార్పు కలిగినదని గమనించెను. వేడి తగిలినప్పుడు చెడిపోవు మాంసకృత్తులను సరిచేయుటకు ప్రాణి ప్రత్యేకముగా కొన్ని మాంసకృత్తులను పుట్టించుకొనునని ఆ మార్గమున తరువాత తేలినది. పట్టుపురుగులోను అవి కలవు. అవి ఎంత వేగముగా, ఎంత విరివిగా పుట్టుననుటలో జాతిజాతికిని భేదమున్నది. 2004లో చీనా, జపాను శాస్త్రజ్ఞులు పట్టుపురుగు జన్యుపటమును వేరువేరుగా వెలువరించిరి. ఇక వేడిగదిలో చంపి చూడకయే ఓర్పును గుర్తింపవచ్చునను ఆశ అప్పటినుండి వినబడుచున్నది. అయినను రైతు చేతికి వచ్చిన జాతులలో మిక్కిలి పెక్కు పాతపద్ధతిన, చచ్చినవానిని ఏరి పారవేసి బ్రతికినవానిని దాచుకొని సంపాదించినవే.

హొసూరులోని కేంద్ర జన్యుసంపద కేంద్రమున దేశవిదేశములకు చెందిన నాలుగువందలకు పైగా పట్టుపురుగు జాతులను కాపాడుచున్నారు. చలిదేశపు జాతుల గ్రుడ్లు నిద్రించునవి గనుక చలిపెట్టెలో దాచి ఏటికి ఒకటి రెండుసార్లు పెంచిన చాలును. మన నిస్తారి, మన మైసూరు జాతులకు నిద్ర లేదు. వానిని దాచుట సాధ్యము కాదు. ఏటికి ఐదారు సార్లు, పండుగనక పబ్బమనక, ఎండలలోను వానలలోను ఎవరో ఒకరు ఆకు కోసి తెచ్చి, తట్టలు కడిగి, పెంచుచునే యుండవలెను. కుణిగలు, మాగడి సీమలలో మైసూరు తల్లిని విత్తనమునకై పెంచు రైతులు నేటికిని ఆ పని చేయుచున్నారు.